మచ్చల మీద మరో కోటు వేయకండి, ముందు నేలలో తడి సంగతి తేల్చుకోండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వరండాలో టెర్రకోట పెంకులు, హాల్లో పాలరాయి. మూడు నెలల కిందట రెండింటికీ ఒకే డబ్బాలోంచి మెరుపు సీలర్ కొట్టించారు. ఇప్పుడు వరండాలో అక్కడక్కడ పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చలు వచ్చాయి, గోడ వారన పొర లేచి గోరు పెడితే ఊడి వస్తోంది. హాల్లో నడిచే దారంతా మసకబారింది. సీలర్ ఉన్నా నిమ్మరసం పడ్డ చోట మచ్చ పడింది. ఇంకో కోటు వేస్తే సర్దుకుంటుందా, లేక ఇంతకంటే ఖరీదైనది తెచ్చి వేయాలా అని అడిగారు.

రెండూ వద్దండి. ఇరవై ఏళ్ళకు పైగా నేలల పనే చేస్తున్నాను. బాగు చేయమని నన్ను పిలిచిన నేలల్లో సీలర్ వేయక పాడైనవి తక్కువ. వేయకూడని సీలర్ వేసి, అది చెడితే దాని మీద ఇంకొకటి వేసి పాడు చేసుకున్నవే ఎక్కువ. మీ నేల ఇంకా అంత దూరం వెళ్ళలేదు. ఇప్పుడు ఆగితే రెండు గదులూ బాగుపడతాయి.

సీలర్ అన్న పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సీలు అంటే మూత బిగించడమే కదా అనుకుంటాం. ఇటుక, టెర్రకోట, పాలరాయి, టైళ్ళ సందుల్లో నింపే గ్రౌట్, సిమెంటు నేల, వీటన్నింటిలోనూ కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. పైన పడ్డ నీళ్ళు ఆ రంధ్రాల్లోంచి లోపలికి దిగినట్టే, కింద మాలులోనో మట్టిలోనో ఉన్న చెమ్మ అదే దారిన ఆవిరై పైకి వస్తుంది. పై దారి మూసినంత మాత్రాన కింద నుంచి వచ్చేది ఆగదు. మూత కింద పోగవుతుంది. మీ వరండాలో జరిగింది ఇదేనని నా అనుమానం. అనుమానమే అంటున్నాను, ఎందుకంటే దాన్ని తేల్చుకునే పరీక్ష ఒకటుంది, అది చేశాకే ఏదైనా ముట్టుకోవాలి. దాని గురించి కింద రాస్తాను.

దుకాణంలో ఎన్ని డబ్బాలున్నా సీలర్లు స్థూలంగా రెండు కుటుంబాలు. ఒకటి నేలలోకి ఇంకేది, ఇక మీద దీన్నే ఇంకే రకం, ఇంకే సీలర్ అంటాను. సిలేన్, సిలోక్సేన్, ఫ్లోరోపాలిమర్ అని డబ్బా మీద రాసి ఉండేవి ఇవే. రంధ్రాల గోడలకు పట్టుకుని నీటిని దగ్గరకు రానీయవు, కానీ రంధ్రాన్ని మూసేయవు. కాబట్టి ఆవిరి బయటికి పోతూనే ఉంటుంది. నేల రంగు, మెరుపు సాధారణంగా మారవు. రెండోది నేల మీద పొరగా నిలిచేది. అక్రిలిక్, పాలీయురెథేన్, ఎపాక్సీ, మైనం ఈ కుటుంబంలోవి. మెరుపు ఇస్తాయి, రంగును చిక్కబరుస్తాయి, అడుగుల రాపిడి అంతా తామే భరిస్తాయి. అందుకే గీతలు పడేదీ, మసకబారేదీ, లేచిపోయేదీ ఆ పొరే. మీ ఇంట్లో కొట్టింది ఈ రెండో రకం.

సిమెంటు నేలలకు లిథియం సిలికేట్, సోడియం సిలికేట్ అని వేరే సరుకు ఉంటుంది. దాన్నీ సీలర్ అనే అంటారు. అది కాంక్రీట్‌లోని కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి లోపలే గట్టిపడుతుంది. నేల బలపడుతుంది, దుమ్ము రాలడం తగ్గుతుంది. కానీ నూనె మరకల్ని ఆపడం దాని పని కాదు. ఈ తేడా తెలియక మోసపోయామని బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను.

ఇంకే రకాల్లోనూ తేడాలున్నాయి. సిలేన్ అణువులు చిన్నవి, లోతుగా దిగుతాయి. సిలోక్సేన్ కాస్త పెద్దది, పైపొరకు దగ్గరగా నిలుస్తుంది. రెండూ ఇటుకలోనూ కాంక్రీట్‌లోనూ ఉండే సిలికాను గట్టిగా పట్టుకుంటాయి. పాలరాయి, నాపరాయి సున్నపు జాతివి, వాటికి అంత బలంగా పట్టవు. పైగా ఇవి నీటిని తోసేస్తాయి కానీ నూనెను ఆపలేవు. వంటగదిలో నీళ్ళు ముత్యాల్లా నిలబడుతుంటే సీలర్ బ్రహ్మాండంగా ఉందనుకుంటాం, అదే చోట నూనె చుక్క పడితే చక్కగా ఇంకిపోతుంది. నూనెను కూడా తోసేది ఫ్లోరో రకం. అందుకే డబ్బా కొనేటప్పుడు "నీటికా, నూనెకు కూడానా?" అని ఒక్క ప్రశ్న అడగండి. మీ రాయి పేరు ఆ డబ్బా మీద ఉందో లేదో కూడా చూడండి.

అసలు మీ నేలకు సీలర్ అవసరమా అన్నది అంతకంటే ముందు ప్రశ్న. పింగాణీ పూత ఉన్న సిరామిక్ టైలుకు అక్కర్లేదు, ఆ పూతే దానికి కవచం. పోర్సెలిన్ టైలు బరువులో 0.5 శాతానికి మించి నీళ్ళు పీల్చదు, అంత తక్కువ పీల్చేవాటినే పోర్సెలిన్ అంటారు. దాని మీద ఇంకే సీలర్ పోస్తే ఇంకడానికి చోటు లేక పైనే ఎండి జిగురు చారలు మిగులుతాయి. ఆ నేలల్లో కావలసింది టైళ్ళ మధ్య గ్రౌట్‌కు మాత్రమే, అదీ సిమెంటు గ్రౌట్ అయితేనే. ఎపాక్సీ గ్రౌట్‌కు ఏమీ వద్దు.

గ్రానైట్ సంగతి రాయిని బట్టి. లేత రంగువి కొన్ని బాగా పీలుస్తాయి. నల్లవి చాలామటుకు అంత చిక్కటివి కాబట్టి సీలర్ తీసుకోవు, బలవంతంగా పూస్తే మసక తెర కట్టినట్టు అవుతుంది. స్లేటు పొరలు పొరలుగా ఉండే రాయి. దానికి రంగు చిక్కబరిచే ఇంకే సీలర్ అందంగా ఉంటుంది, కానీ రేకులు లేచే స్లేటును ఏ సీలరూ అతికించి ఉంచలేదు. పాలరాతి ముక్కలు కలిపి పోసిన మొజాయిక్‌ను పాలరాయిలాగే చూసుకోవాలి. టెర్రకోట, చేతి ఇటుక అన్నింటికంటే దాహం ఎక్కువ ఉన్నవి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నీటి చుక్క చెబుతుంది. నేలను శుభ్రంగా కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, చెంచాతో నాలుగైదు చోట్ల కాస్త నీళ్ళు పోయండి. నడిచే దారిలో ఒకటి, గోడ మూల ఒకటి, గ్రౌట్ మీద ఒకటి ఉండాలి. గడియారం పెట్టుకుని పక్కనే కూర్చోండి. దూరం నుంచి చూస్తే తెలియదు. కిందికి వంగి, వెలుతురుకు ఎదురుగా చూస్తే చుక్క అంచు చుట్టూ రాయి రంగు చిక్కబడడం మొదలయ్యే క్షణం కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో నల్లబడితే ఆ నేల బాగా తాగుతోంది, సీలర్ కావాలి. ఐదు నుంచి పది నిమిషాల్లో అయితే మధ్యస్తం. పావుగంట దాటినా తుడిస్తే గుర్తు మిగలకపోతే సీలర్ వద్దు, లేదా పాతది ఇంకా పనిచేస్తోంది. నూనె గురించి తెలుసుకోవాలంటే ఇదే పని కనపడని మూలలో ఒక్క నూనె బొట్టుతో చేయండి, మరక మిగిలినా బాధ ఉండదు.

ఇక మీ వరండా.

పొర సీలర్ కింద తెల్లబడడానికి ప్రధానంగా మూడు కారణాలు, మూడింటికీ మందు వేరు. మొదటిది తడి పొరలో చిక్కుకోవడం. నేల పూర్తిగా ఆరకముందే కొట్టినా, కొట్టిన కాసేపటికే వాన జల్లు పడినా, గాలిలో తేమ మరీ ఎక్కువ ఉన్నా ఇది జరుగుతుంది. రెండోది ఉప్పు పొంగడం. నేల కింది చెమ్మ తనలో కరిగిన లవణాల్ని మోసుకొస్తుంది. నీరు ఆవిరవుతుంది, లవణం తెల్లటి పొడిగా మిగులుతుంది. సిమెంటు మాలులోని కాల్షియం హైడ్రాక్సైడ్ కూడా ఇలాగే పైకి వచ్చి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి గట్టి తెల్లటి పొరగా మారుతుంది. మూడోది మందంగా పూయడం. పొర పైన ఎండి, కింద ద్రవం మిగిలి, ఆ ఆవిరి బుడగలుగా లేస్తుంది. ఎండలో వేడెక్కుతున్న నేలకు పూసినా బుడగలు వస్తాయి, రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి పైకి తోస్తుంది. అందుకే పొర సీలర్‌ను పొద్దున ఎండ ఎక్కేటప్పుడు కాక, సాయంత్రం నేల చల్లబడుతున్నప్పుడు వేస్తాం.

మీది వీటిలో ఏదో తెలుసుకోవడానికి గోడ వారన లేచిన పొరను కత్తి మొనతో ఒక అంగుళం మేర నెమ్మదిగా ఎత్తి, తిరగేసి వెలుతురులో చూడండి. అడుగున శుభ్రంగా, గాజులా ఉంటే తడే కారణం, లేదా పూయకముందు నేల సరిగ్గా కడగలేదు. అడుగున పిండి చల్లినట్టు తెల్లటి పొడి ఉండి, కింద పెంకు మీద కూడా అదే కనిపిస్తే అది ఉప్పు. ఆ పొడి మీద ఒక నీటి చుక్క వేయండి. తెలుపు మాయమై, ఆరగానే మళ్ళీ వస్తే ఇక సందేహం లేదు.

తర్వాత ప్లాస్టిక్ షీటు పరీక్ష. కాంక్రీట్ నేలల్లో తేమ చూడడానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన డి4263 అనే పద్ధతి ఉంది, ఇంట్లో చేసుకోదగినంత తేలిక. 45 సెంటీమీటర్ల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును నేల మీద పరచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అతికించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. పొర గీకేసిన చోట పెట్టండి, లేకపోతే పొర మీద పెట్టినట్టవుతుంది. గోడ దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి పెడితే మంచిది. ఎండ నేరుగా పడకూడదు. విప్పినప్పుడు షీటు లోపలి వైపు నీటి ముత్యాలున్నా, కింద పెంకు చుట్టుపక్కల కంటే నల్లగా ఉన్నా చెమ్మ కింద నుంచే వస్తోంది. ఒకసారి పొడిగా కనిపించినంత మాత్రాన నమ్మేయకండి, వానాకాలంలో ఇంకోసారి చేయండి.

దీని మీద ఇంత గట్టిగా మాట్లాడడానికి కారణం ఉంది. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంట్లో కింది అంతస్తు గదికి, మట్టి పెంకుల నేలకు, మూడు కోట్లు అక్రిలిక్ వేశాం. ఇంటావిడకు మెరుపు కావాలి, మాకు పని త్వరగా అవ్వాలి. అద్దంలా వచ్చింది. ఒక వానాకాలం గడిచాక కబురు వచ్చి వెళ్ళి చూస్తే పొర లేవడం కాదు, పెంకులే పైన పెచ్చులు పెచ్చులుగా రాలుతున్నాయి. బయటికి వచ్చే దారి లేక ఉప్పు పెంకు లోపలే గడ్డకట్టింది. స్ఫటికాలు పెరిగే కొద్దీ పెంకు ముఖాన్ని లోపలి నుంచి నెట్టేశాయి. అందులో ఒక పెచ్చు నా పనిముట్ల పెట్టెలో ఇప్పటికీ ఉంది. పైన మెరుస్తూ ఉంటుంది, తిరగేస్తే సన్నటి తెల్లటి సూదులు. సగానికి సగం పెంకులు తీసి కొత్తవి వేయాల్సి వచ్చింది. సీలర్ వేయకుండా వదిలి ఉంటే ఆ ఉప్పు పైకి పొడిగా వచ్చేది, చీపురుతో పోయేది.

కాబట్టి షీటు కింద తడి కనిపిస్తే వరండాలో వరుస ఇది. మొదట నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. గోడ పక్కన మొక్కలకు పోసే నీళ్ళా, పైకప్పు గొట్టం నీరు పునాది దగ్గర పడుతోందా, బయటి నేల వరండా కంటే ఎత్తుగా ఉందా, గోడలోకి చెమ్మ ఎక్కకుండా పునాది మీద వేసే అడ్డుపొర (డీపీసీ) లేదా, లోపల పైపు కారుతోందా. చాలా ఇళ్ళలో గొట్టం తిప్పి నీటిని దూరంగా పంపిస్తే చాలు, రెండు మూడు నెలల్లో నేల ఆరిపోతుంది. తర్వాత పాత పొరను తీసేయాలి. అది ఏ రకమో తెలియకపోతే దూదిని జైలీన్ అనే సాల్వెంట్‌లో (కరిగించే ద్రవంలో) ముంచి అర నిమిషం ఆనించండి. జిగటగా మెత్తబడితే సాల్వెంట్ అక్రిలిక్, దాన్ని కరిగించి తీయొచ్చు. చలించకపోతే పాలీయురెథేనో ఎపాక్సీయో అయ్యుంటుంది, దానికి బలమైన స్ట్రిప్పరో (పాత పొరను ఊడగొట్టే ద్రవం) యంత్రమో కావాలి. స్ట్రిప్పర్ కొనేటప్పుడు మిథిలీన్ క్లోరైడ్ ఉన్నది మాత్రం తేకండి. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయారు.

పొర పోయాక నేలను ఉత్తగా వదిలేయండి. ఉప్పు వస్తూనే ఉంటుంది, పొడి బ్రష్షుతో ఊడ్చి చేటలోకి ఎత్తేయండి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది, ఇది చాలామంది చేసే పొరపాటు. రావడం తగ్గాక, మిగిలిన గట్టి తెలుపును సల్ఫామిక్ యాసిడ్ వంటి మెత్తటి ద్రావణంతో తీయొచ్చు. పూసే ముందు పెంకును నీళ్ళతో తడపాలి, లేకపోతే యాసిడ్‌ను కూడా తాగేస్తుంది. తర్వాత బాగా కడగాలి. మేస్త్రీలు అలవాటుగా తెచ్చే మ్యూరియాటిక్ యాసిడ్ వద్దు. గ్రౌట్‌ను తినేస్తుంది, ఇనుము ఉన్న మట్టిలో పసుపు మరకలు లేపుతుంది, దాని పొగకు దగ్గర్లోని స్టీలు సామాన్లు తుప్పు పడతాయి.

ఒక కాలం మొత్తం, వానలతో సహా, ఉప్పు రాకుండా గడిస్తే అప్పుడు ఇంకే రకం సీలర్ వేయండి. ఇంకా వస్తుంటే అదీ వద్దు. ఇంకే సీలర్ ఆవిరిని వదిలినా, నీటిని ఉపరితలం దాకా రానీయదు. ఉప్పు దాని వెనకాలే నిలిచిపోతుంది. నేను చెప్పిన పెచ్చు కథే మళ్ళీ మొదలవుతుంది. చెమ్మ ఆగని వరండాకు సీలర్ లేకపోవడమే మంచి రక్షణ. మరక పడితే పడనివ్వండి, మట్టి పెంకుకు ఆ మచ్చలు అంత ఎబ్బెట్టుగా ఉండవు.

ఒకవేళ షీటు పొడిగా వచ్చి, పొర అడుగున ఉప్పు లేకపోతే మీ అదృష్టం. మచ్చ పూసిననాటి తడి వల్ల వచ్చిందన్నమాట. సాల్వెంట్ అక్రిలిక్ అయితే మచ్చల మీద పలచగా జైలీన్ పూస్తే పొర మళ్ళీ కరిగి, లోపలి తేమ బయటపడి, పారదర్శకంగా సర్దుకుంటుంది. కిటికీలన్నీ తెరిచి, దగ్గర్లో పొయ్యి, దీపం, స్విచ్చు నిప్పురవ్వ ఏదీ లేకుండా, ఆవిరికి తగిన మాస్కు పెట్టుకుని చేయాలి. గుడ్డ మాస్కు దీనికి పనికిరాదు.

హాలు కథ వేరు. అక్కడ రెండు బాధలు కలిసిపోయాయి. నడిచే దారి మసకబారడం పొర అరిగిన గుర్తు. పాలరాయి సహజంగానే మెరుపు పట్టే రాయి. దాని మీద మెత్తటి ప్లాస్టిక్ పొర పరచి, ఆ పొర మీద ఇసుక రేణువులతో నడుస్తున్నాం. గీతలు పడ్డది పొర, తిట్లు పడుతున్నది రాయి.

నిమ్మరసం మచ్చ మరక కాదు, యాసిడ్ తిన్న గుర్తు. పాలరాయి కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్, బాత్రూం కడిగే యాసిడ్ ఏది తగిలినా పైపొర కరిగి మెరుపు పోతుంది. మరక అయితే చుట్టుపక్కల కంటే చిక్కటి రంగులో ఉంటుంది. యాసిడ్ గుర్తు అయితే పాలిపోయి ఉంటుంది, వేలితో రాస్తే కాస్త గరుకు తగులుతుంది, పక్క నుంచి వెలుతురు పడితే స్పష్టంగా కనపడుతుంది. ఏ ఇంకే సీలరూ దీన్ని ఆపలేదు. సీలర్ రంధ్రాలను కాపాడుతుంది, యాసిడ్ తినేది రాతినే. అమ్మేవాళ్ళు ఈ మాట స్పష్టంగా చెప్పకపోవడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే మూడింట రెండొంతుల ఆశ కస్టమర్ దాని మీదే పెట్టుకుంటాడు. మీ ఇంట్లో పొర ఉండగానే మచ్చ పడిందంటే అక్కడ పొర అప్పటికే అరిగిపోయి ఉండాలి.

హాల్లో పని క్రమం. పాలరాయికి హాని చేయని ఆల్కలీ (క్షార) స్ట్రిప్పర్‌తో పొర పూర్తిగా తీయించండి, యాసిడ్ వాడేవాళ్ళను గుమ్మం దాటనివ్వకండి. తర్వాత డైమండ్ ప్యాడ్లతో రాయికే పాలిష్ పట్టించండి, నిమ్మ మచ్చ పోయేది ఇక్కడే. సీలర్‌తో పోదు. నేల రెండు మూడు రోజులు ఆరాక ఫ్లోరో రకం ఇంకే సీలర్ ఒకటి. అంతే.

ఆ సీలర్ పూయడంలో ఒక్క విషయం తప్పకుండా చేస్తే మిగతావి చిన్న పొరపాట్లైనా ఫర్వాలేదు. అది తుడవడం. కొద్ది మేర, చేయి చాచితే అందేంత చోటు, అంతే తీసుకోండి. మైక్రోఫైబర్ ప్యాడ్‌తో సమంగా తడపండి. డబ్బా మీద చెప్పినంత సేపు, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు, తడిగా ఉంచండి. ఎక్కడైనా తాగేసి పొడిగా కనిపిస్తే ఇంకాస్త పూయండి. ఆ తర్వాత పైన మిగిలిన ప్రతి చుక్కనూ శుభ్రమైన పొడి గుడ్డతో తుడిచేయండి. గుడ్డ తడిస్తే మార్చండి. పది గుడ్డలు పక్కన పెట్టుకోండి, రెండింటితో చేద్దామనుకుంటే మూడో చోటికే చారలు మొదలవుతాయి. రాయిలోకి వెళ్ళిందే సీలర్, పైన మిగిలింది చెత్త. అది ఎండితే వేలిముద్రలు పడే జిడ్డు తెర అవుతుంది. రెండో కోటు కావాలంటే డబ్బా చెప్పిన సమయంలోపే వేయాలి. ఆలస్యమైతే మొదటి కోటు రెండోదాన్నే తోసేస్తుంది.

ఒకవేళ తెర కట్టిందా, గాబరా పడి గీకకండి. అదే సీలర్‌ను తెర మీద మళ్ళీ కొద్దిగా పూయండి. కొత్త ద్రవం ఎండిన పాతదాన్ని మెత్తబరుస్తుంది. కొన్ని నిమిషాలు ఆగి గట్టిగా తుడిస్తే రెండూ కలిసి వచ్చేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోపు చేస్తే తేలిక, వారాలు గడిస్తే ఆ కంపెనీ చెప్పిన సాల్వెంట్ కావాలి.

పూసిన రోజు నీళ్ళు తగలకూడదు. 24 గంటలు నడక తగ్గించండి, మూడు రోజుల దాకా తడిగుడ్డ పెట్టకండి. ఏది పూసినా ముందు అలమారా వెనక ఒక్క రాయి మీద వేసి, రెండు రోజులు చూసి, అప్పుడు గది మొత్తం వేయించండి. ఇంత చిన్న జాగ్రత్త మీకు మూడు నెలల కిందటే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

మీరు అడగకపోయినా రెండు మాటలు. కొత్తగా పోసిన కాంక్రీట్‌కు 28 రోజులు నిండాకే సీలర్ ఆలోచించాలి. కొత్త గ్రౌట్‌కు మూడు రోజుల నుంచి కొన్ని వారాల దాకా, బస్తా మీద ఏముంటే అది. తడి పడే మెట్లకూ, బాత్రూం నేలకూ పొర సీలర్ వద్దు, తడిస్తే జారుతుంది. తప్పదంటే జారకుండా సన్నటి రేణువులు కలిపి వేయాలి. బాత్రూంలో సీలర్ వేస్తే కింది ఇంటికి నీళ్ళు కారడం ఆగుతుందని చాలామంది ఆశపడతారు. ఆగదు. అది టైళ్ళ కింద వాటర్‌ప్రూఫింగ్ చేయాల్సిన పని.

పాలరాయిలోకి నూనె దిగిన మరకలు ఉంటే సీలర్‌కు ముందే తీయాలి, తర్వాత లోపలే బందీ అవుతాయి. దానికి పట్టు వేయాలి. చైనా క్లేనో బేకింగ్ సోడానో అసిటోన్‌తో కలిపి, వెన్నలా చిక్కటి ముద్ద చేసి, మరక మీద వేలు మందాన పరచండి. ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచండి. తర్వాత ప్లాస్టిక్ తీసేసి ముద్ద పూర్తిగా ఎండేదాకా కదపకండి. అసలు పని జరిగేది ఆ ఎండే వేళలోనే, ముద్ద ఎండుతూ నూనెను పైకి పీలుస్తుంది. ఒక్కసారికి పోకపోతే రెండోసారి, మూడోసారి వేయండి. ఆకు, పువ్వు వంటి మరకలకు అసిటోన్ బదులు హైడ్రోజన్ పెరాక్సైడ్.

రోజువారీ తుడవడానికి పీహెచ్ తటస్థంగా ఉండే, అంటే యాసిడూ ఆల్కలీ కాని ద్రవం వాడండి. యాసిడ్ క్లీనర్ పాలరాయిని తింటుంది, ఘాటైన ఆల్కలీ సీలర్‌ను క్రమంగా తినేస్తుంది. బ్లీచింగును, యాసిడ్‌ను ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. గుమ్మం దగ్గర మందపాటి పట్టా వేయండి, ఇసుకను అక్కడే ఆపితే పాలిష్ ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. మళ్ళీ సీలర్ ఎప్పుడు వేయాలో క్యాలెండర్ చూసి నిర్ణయించకండి, ఏడాదికోసారి నీటి చుక్కను అడగండి. ముత్యాలు కట్టడం ఆగిపోయినంత మాత్రాన సీలర్ పోయినట్టు కాదు. పైపైన ఉన్నది అరిగి ఉంటుంది, లోపలిది ఇంకా పని చేస్తుండొచ్చు. రంగు చిక్కబడితేనే వేయాలి.

ఈ వారం మాత్రం డబ్బా ఏదీ కొనకండి. ముందు వరండాలో గోడ పక్కన పొర గీకి షీటు అతికించండి. రేపు సాయంత్రం విప్పి, అడుగున ఏం కనిపించిందో, తిరగేసిన పొర ముక్క ఎలా ఉందో రాయండి. గోడకు అటువైపు ఏముందో కూడా చెప్పండి, మట్టి ఉందా, నీళ్ళ గొట్టం ఉందా, లేక పక్కింటి నేల ఎత్తుగా ఉందా. అవి తెలిస్తే ఎక్కడ మొదలు పెట్టాలో చెప్పగలను.